ఇంటి బయటి లైట్లు: వాట్లు పెంచినా దారి ఎందుకు కనిపించదు

రాత్రిపూట గేటు దగ్గర నిలబడి ఇంటివైపు చూడండి. కంటికి ముందుగా తగిలేది లైటే అయితే అది తప్పు చోటనైనా ఉండి ఉండాలి, తప్పు రకమైనా అయ్యుండాలి. కనిపించాల్సినవి వేరే ఉన్నాయి: మెట్టు అంచు, తాళం పెట్టే చోటు, దారి మీద ఉన్న పురుగూ పుట్రా, ఎదురుగా వచ్చే మనిషి ముఖం. వెలుగు వాటి మీద పడి, అక్కణ్ణుంచి మన కంటికి చేరాలి. బల్బు నుంచి నేరుగా కంట్లోకి వచ్చే వెలుగు ఏ పనికీ రాదు సరికదా, ఉన్న చూపును కూడా చెడగొడుతుంది.

కన్ను పనిచేసే తీరే దీనికి కారణం. వెలుగులోకి రావడానికి కంటికి కొన్ని క్షణాలు చాలు. చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే మాత్రం 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ప్రహరీ మీద 50 వాట్ల ఫ్లడ్ లైటు బిగిస్తే దాని కింద నేల పగల్లా మెరుస్తుంది, కన్ను ఆ మెరుపుకు సర్దుకుంటుంది. ఆ వెలుగు ఆగిన చోట, అంటే చెట్టు వెనకా గోడ మూలా, ఇక ఏమీ కనిపించదు. లైటు లేనప్పుడు మసగ్గానైనా తెలిసిన మూల ఇప్పుడు నల్లటి గుంటగా మారుతుంది. దొంగల భయంతో పెట్టిన లైటే దాక్కోడానికి చోటు చూపిస్తుందన్నమాట.

ఎంత వెలుగు కావాలి

బయట అవసరమయ్యే వెలుగు చాలామంది అనుకునేదానికంటే బాగా తక్కువ. ఒక చదరపు మీటరు మీద పడే వెలుగును లక్సుల్లో కొలుస్తారు. బల్బు విడిచే మొత్తం వెలుగుకు కొలత ల్యూమెన్. ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్సు. ఆఫీసులో చదువుకునే బల్ల మీద 500 లక్సులు ఉంచుతారు. పండు వెన్నెల్లో నేల మీద పడేది పావు లక్సు దరిదాపుల్లోనే ఉంటుంది, అయినా ఆ వెన్నెల్లో నడవగలం. ఇంటి దారికి 5 నుంచి 10 లక్సులు, మెట్లకు 20 వరకు, తాళం తీసే తలుపు ముందు 50 వరకు ఉంటే హాయిగా సరిపోతుంది.

దీన్నిబట్టి లెక్క వేయడం కష్టం కాదు. దారి వెడల్పు 1.2 మీటర్లు, ఒక్కో లైటు 2.5 మీటర్ల పొడవుకు వెలుగివ్వాలి అనుకుందాం. అంటే 3 చదరపు మీటర్లు. 10 లక్సులు కావాలంటే నేల మీద పడాల్సింది 30 ల్యూమెన్లు. ఫిట్టింగు లోపల కొంత పోతుంది, కొంత దారి పక్కన గడ్డి మీద పడుతుంది కాబట్టి రెండు మూడు రెట్లు వేసుకున్నా 60 నుంచి 100 ల్యూమెన్లే. ఇప్పటి ఎల్‌ఈడీలో అది దాదాపు ఒక వాటు. దారి పక్కన పెట్టే లైటు డబ్బా మీద 9 వాట్లు అని కనిపిస్తే అది దారికి కాదు, కళ్ళకు పనిచెబుతుంది.

కొనేటప్పుడు వాట్లను పక్కనపెట్టి ల్యూమెన్లు చూడండి. వాట్లు తాగే కరెంటును చెబుతాయి. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఇచ్చే 800 ల్యూమెన్లను మంచి ఎల్‌ఈడీ 8 వాట్లలో ఇస్తుంది, నాసిరకంది 12 వాట్లు తీసుకుంటుంది. ఒక్క సంగతి మాత్రం ల్యూమెన్లు కూడా చెప్పవు: ఆ వెలుగు ఎటు పోతుందో. దానికి కిరణకోణం చూడాలి, దీన్నే బీమ్ యాంగిల్ అంటారు. 3 మీటర్ల దూరంలో 24 డిగ్రీల లైటు సుమారు 1.3 మీటర్ల వెడల్పున వలయం వేస్తుంది. 36 డిగ్రీలదైతే దాదాపు 2 మీటర్లు, 60 డిగ్రీలదైతే 3.5 మీటర్లు. సన్నటి స్తంభానికి 60 డిగ్రీల లైటు పెడితే వెలుగులో ఎక్కువ భాగం స్తంభం పక్కనుంచి ఆకాశంలోకి పోతుంది. దూరంతో వచ్చే చిక్కు కూడా గుర్తుంచుకోవాలి. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక అంతస్తు ఎత్తులో బాగున్న లైటు రెండో అంతస్తు పిట్టగోడ మీదికి ఎక్కిస్తే చాలకపోవడానికి ఇదే కారణం.

తలుపు, మెట్లు, దారి, వాకిలి

తలుపు దగ్గర పని ముఖాన్ని చూపించడం. నెత్తిమీద ఒకే లైటు ఉంటే కనుబొమ్మల నీడ కళ్ళ మీద, ముక్కు నీడ నోటి మీద పడుతుంది. వచ్చింది ఎవరో పోల్చుకోలేం, కెమెరా కూడా పోల్చుకోలేదు. తలుపుకు రెండు పక్కలా, నేల నుంచి 1.65 నుంచి 1.8 మీటర్ల ఎత్తులో 300–400 ల్యూమెన్లవి ఒక్కొక్కటి పెడితే నీడలు ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. ఈ ఎత్తు కంటికి సమానం కాబట్టి పాలగాజు ఉన్నవో, బల్బు కనపడకుండా కిందికీ పైకీ మాత్రమే వెలుగు వదిలేవో తీసుకోవాలి. లోపల బల్బు బయటికి కనిపించే పారదర్శకమైన గాజు లాంతర్లు ఫొటోలో అందంగా ఉంటాయి, తలుపు పక్కన మాత్రం కళ్ళలో గుచ్చుకుంటాయి. ఒకే లైటుకు వీలున్న చోట తాళం ఉన్న పక్కన పెట్టండి.

మెట్ల దగ్గర ప్రమాదమంతా అంచు కనపడకపోవడంలో ఉంది. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు పడిపోయే వాళ్ళే ఎక్కువ. దిగేవాడికి మెట్టు నిలువు ముఖం కనిపించదు, అడుగు పెట్టే పలకల వరస మాత్రమే కనిపిస్తుంది. అన్నిటి మీదా ఒకే రకం వెలుగు పడితే అవన్నీ కలిసి ఒకే వాలుగా అనిపిస్తాయి. అందుకే పైనుంచి ఒకే పెద్ద లైటు వేయడం కంటే, పక్క గోడలో పలకకు 15 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున 20–50 ల్యూమెన్ల చిన్న లైట్లు బిగించడం మేలు. వెలుగు పలక మీదుగా పారి అంచు దగ్గర తెగుతుంది, ఆ తెగిన గీతే మెట్టును చూపిస్తుంది. మెట్టు నిలువు ముఖంలో దింపే లైట్లైతే కింది నుంచి వచ్చేవాడికి బల్బు కనపడకుండా పైన చిన్న రెప్ప ఉన్నవి చూసుకోవాలి. మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ తప్పకుండా వెలుగుండాలి. మధ్యలో ఒకటి వదిలినా ఫరవాలేదు కానీ, ఆ వదలడం ఒక పద్ధతిలో ఉండాలి.

దారి లైట్లు మోకాలి నుంచి నడుము ఎత్తు మధ్యలో ఉండి, పైన గొడుగు ఉండి, వెలుగు కిందికే వదలాలి. రెండు వరసల్లో ఎదురెదురుగా నాటితే విమానాల రన్‌వేలా తయారవుతుంది. ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన మార్చి మార్చి 2–3 మీటర్లకొకటి పెడితే సగం లైట్లతోనే పని జరుగుతుంది. వాకిట్లో కారు నిలిపే చోటికి 2.5–3 మీటర్ల ఎత్తున కిందికి చూసే లైటు ఒకటి చాలు. ఒక లైటు ఎంత ఎత్తున ఉందో, దానికి రెండు రెట్ల దూరం వరకే నేల మీద దాని వెలుగు పనికొస్తుంది. అంతకంటే దూరం కొట్టాలని ఫ్లడ్ లైటు ముఖం పైకి లేపితే ఆ వెలుగు నేలను తాకకుండా పక్కింటి పడగ్గదిలోకి పోతుంది. అద్దం పూర్తిగా నేలకు సమాంతరంగా కిందికి చూసేలా బిగించి, అది చాలకపోతే రెండో లైటు పెట్టుకోవాలి తప్ప ముఖం ఎత్తకూడదు.

చెట్ల మీదికి కింది నుంచి లైటు కొట్టడం చాలామందికి ఇష్టం. మితంగా చేస్తే బాగుంటుంది. కానీ రాత్రంతా వేయడం చెట్టుకూ మంచిది కాదు, దాని మీద ఉండే పిట్టలకూ మంచిది కాదు. వేసినా రాత్రి భోజనాల వేళ దాటాక ఆరిపోయేలా టైమర్ పెట్టండి.

రంగు, పురుగులు

తెల్ల వెలుగులోనూ తేడాలున్నాయి. దాన్ని కెల్విన్లలో చెబుతారు. 2,200 అంటే దీపపు కాంతికి దగ్గరైన కాషాయం, 2,700–3,000 అంటే పాత బల్బు పసుపు, 4,000 దగ్గర పసుపూ నీలమూ లేని తెలుపు, 6,500 అంటే నీలం ఎక్కువైన తెలుపు. ఇంటి బయటికి 2,700 చాలు, 3,000 దాటక్కర్లేదు. నీలి వెలుగు గాలిలో ఎక్కువగా చెదురుతుంది, వయసు పైబడిన కళ్ళలో మరీ ఎక్కువ. 6,500 కెల్విన్ల లైటు అదే ల్యూమెన్లకు ఎక్కువ వెలుగున్నట్టు అనిపించడం నిజమే, కానీ ఆ అనిపించడంలో చాలా భాగం కళ్ళు చెదరడమే. ఒకే గోడ మీద ఒకటి 2,700, పక్కది 4,000 ఉంటే రెండూ పాడైనట్టు కనిపిస్తాయి కాబట్టి అన్నీ ఒకే అంకెలో తీసుకోండి. బట్టల రంగు, కారు రంగు పోల్చుకోవాల్సిన చోట రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడాలి. 80 సరిపోతుంది, 90 ఉంటే ఇంకా మంచిది.

పురుగుల సంగతికొస్తే, అవి లైటు మీద మోజుతో వస్తాయన్నది పాత నమ్మకం. ఎగిరే పురుగులను అతివేగపు కెమెరాలతో చిత్రీకరించి 2024లో ప్రచురించిన ఒక పరిశోధనలో వేరే వివరణ దొరికింది. పురుగు తన వీపును వెలుగువైపు తిప్పుకుని ఎగురుతుంది. రాత్రి ఆకాశం నేలకంటే వెలుగుగా ఉంటుంది కాబట్టి, ఏది పైనో ఏది కిందో దానికి అలా తెలుస్తుంది. బల్బు పక్కకు వచ్చేసరికి వీపు అటు తిప్పి, అక్కడే చుట్లు కొడుతూ చిక్కుకుపోతుంది. పురుగుల కళ్ళు అతినీలలోహిత కిరణాలకూ నీలానికీ ఎక్కువగా స్పందిస్తాయి. అందుకే 2,200–2,700 కెల్విన్ల ఎల్‌ఈడీకి తక్కువ పురుగులు చేరతాయి, అసలు చేరకపోవడం ఉండదు. మనుషులు కూర్చునే చోటికి నెత్తిమీద లైటు పెట్టకుండా రెండు మూడు మీటర్ల దూరంలో పెడితే పురుగులు అక్కడ తిరుగుతాయి, పళ్ళెంలో పడవు.

రాత్రి ఆకాశాన్ని కాపాడాలని పనిచేసే డార్క్‌స్కై ఇంటర్నేషనల్ అనే సంస్థ బయటి లైట్లకు ఐదు షరతులు చెబుతుంది: అవసరం ఉండాలి, అవసరమైన చోటే పడాలి, అవసరమైనంతే ఉండాలి, అవసరమైనప్పుడే వెలగాలి, పసుపు వన్నె ఎక్కువుండాలి. నక్షత్రాల సంగతి పట్టనివాళ్ళు కూడా ఈ ఐదూ పాటిస్తే కరెంటు బిల్లు తగ్గి, చూపు మెరుగవుతుంది.

నీళ్ళు ఎక్కణ్ణుంచి దూరతాయి

బయటి లైటు పాడవడానికి మొదటి శత్రువు నీళ్ళు. డబ్బా మీద ఐపీ అని రెండంకెలు ఉంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీ 44 అంటే అన్ని వైపుల నుంచీ పడే చిందులను తట్టుకుంటుంది, చూరు కింద గోడకు ఇది చాలు. ఐపీ 65 అంటే దుమ్ము అసలు దూరదు, 6.3 మి.మీ. గొట్టం నుంచి నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున కొట్టే నీటిని ఆపుతుంది. వాన నేరుగా తగిలే చోట ఇది కనీసం ఉండాలి. ఐపీ 66లో గొట్టం 12.5 మి.మీ., నీరు నిమిషానికి 100 లీటర్లు. ఐపీ 67 అంటే ఒక మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచి చూస్తారు. ఇక్కడ చాలామంది పొరబడతారు: 67 అనేది 66 కంటే పెద్ద అంకె అయినా, 67 ఉన్న లైటు గట్టిగా కొట్టే నీటిధారను తట్టుకుంటుందన్న హామీ లేదు. అవి రెండూ వేర్వేరు పరీక్షలు. రెండిట్లోనూ నెగ్గినదానికి 66, 67 రెండూ వేస్తారు. కొలనులోకి, నీటి తొట్టిలోకి ఐపీ 68 ఉన్నవే, అదీ తక్కువ వోల్టేజివే వాడాలి.

ఈ పరీక్షలన్నీ కొత్త లైటు మీద, మంచినీళ్ళతో చేస్తారు. నాలుగేళ్ళ ఎండకు గట్టిపడిన రబ్బరు ప్యాకింగు గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. పైగా ఆ అంకె కర్మాగారంలో ఉన్న రూపానికి ఇచ్చింది. మనం కేబుల్ దూర్చేందుకు వెనక ఒక కన్నం చేసిన మరుక్షణం ఐపీ 65 అన్న మాటకు అర్థం పోతుంది. కేబుల్ దూరే చోట బిగించే గ్లాండుకు ఒక కొలత ఉంటుంది. ఉదాహరణకు చాలా ఎం20 గ్లాండులు 6 నుంచి 12 మి.మీ. మందమున్న గుండ్రటి కేబుల్‌ని పట్టుకునేలా చేస్తారు. అందులోంచి రెండు విడి వైర్లు లాగితేనో, బల్లపరుపు కేబుల్ దూర్చితేనో రబ్బరు చుట్టూ కుదురుగా కూర్చోదు. ఎంత సిలికాన్ పూసినా ఆ సందు తెరుచుకుంటుంది.

అన్నీ సరిగ్గా బిగించినా అద్దం లోపల ఆవిరి పట్టడం చూస్తుంటాం. లైటు వెలిగినంతసేపూ లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆరిపోయాక, ముఖ్యంగా వాన చల్లదనం ఒక్కసారిగా తగిలితే, సంకోచించి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఎక్కడ చిన్న సందున్నా అందులోంచి తేమ వస్తుంది. ఒక్కోసారి ఆ సందు కేబులే. తొడుగు లోపల తీగల పోగుల మధ్య నుంచి నీరు పాకి, దూరంగా ఉన్న జాయింటు నుంచి లైటుదాకా చేరుతుంది. అందుకని మంచి ఫిట్టింగుల్లో గాలిని వదిలి నీటిని ఆపే పొరతో చిన్న బిరడా ఉంటుంది. అది కన్నంలా ఉందని సిలికాన్‌తో మూసేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. కేబుల్‌ని లైటులోకి పైనుంచి దించొద్దు. కిందికి ఒక వంపు తిప్పి కిందినుంచి ఎక్కిస్తే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. గోడకూ ఫిట్టింగుకూ మధ్య సిలికాన్ వేసేటప్పుడు పైనా రెండు పక్కలా వేసి, కింద వదిలేయాలి. నాలుగు వైపులా మూసేస్తే గోడలోంచి వచ్చిన చెమ్మకు పోయే దారి ఉండదు.

నేలలో పాతే లైట్లు ఇంకా ఇబ్బంది పెడతాయి. కింద కనీసం 30 సెంటీమీటర్ల కంకర పొర వేసి నీరు ఇంకేలా చేయకపోతే ప్రతి వానకూ ఆ గుంట ఒక బావి అవుతుంది. కారు తిరిగే చోటైతే ఎంత బరువు మోస్తుందో కూడా ఫిట్టింగు మీద ఉండాలి. నిజానికి ఇంటికి ఇవి అవసరమయ్యే చోట్లు తక్కువ. పైకి కొట్టే వెలుగు ఎప్పుడూ ఎవరో ఒకరి కళ్ళలో పడుతుంది.

సముద్రపు గాలి తగిలే చోట మామూలు అల్యూమినియం రంగు కింద బుడగలు లేచి పొక్కులు పోతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఇత్తడి, రాగి నిలబడతాయి. అల్యూమినియం ఒంటికి స్టీలు స్క్రూలు నేరుగా బిగిస్తే ఉప్పుతేమలో రెండు లోహాల మధ్య బ్యాటరీలా కరెంటు పుట్టి అల్యూమినియం తినేసుకుపోతుంది, ఆ స్క్రూలు మళ్ళీ ఊడవు. మధ్యలో నైలాన్ వాషరు, మరలకు గ్రీజు ఉంటే ఈ గొడవ తగ్గుతుంది. ఎండ ఎక్కువ తగిలే చోట అతినీలలోహిత కిరణాలకు తట్టుకునేలా చేయని ప్లాస్టిక్ కొద్దికాలంలోనే పెళుసెక్కుతుంది, మూతలు పసుపెక్కుతాయి.

12 వోల్టులా, మెయిన్సా

ఎత్తున బిగించే ఫ్లడ్ లైట్లు, తలుపు పక్క లైట్లు సాధారణంగా ఇంటి మెయిన్సు మీదే నడుస్తాయి. ఈ పని ఎలక్ట్రీషియనే చేయాలి. కానీ ఏం అడగాలో మనకు తెలిసుండాలి. బయటి సర్క్యూట్‌కి 30 మిల్లీ ఆంపియర్లకు ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్చు, విడిగా ఉండాలి. అలా అయితే వానకు ఒక లైటు లీకైనా ఇల్లంతా చీకటి కాదు. లోహపు ఫిట్టింగుకు ఎర్తు వైరు తప్పనిసరి. చతురస్రంలో చతురస్రం గుర్తు, అంటే డబుల్ ఇన్సులేషన్ ఉన్నదానికి మాత్రమే మినహాయింపు. నేలలో వేసే మెయిన్సు కేబుల్ ఆర్మర్డ్, అంటే లోహపు కవచం ఉన్నది అయ్యుండాలి, 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతున పోవాలి, దానికీ నేల పైభాగానికీ మధ్య హెచ్చరిక టేపు పరవాలి. ఎంత లోతన్నది ఆ ప్రాంతపు నియమాలను బట్టి మారుతుంది. ఎక్కడ పాతారో కొలతలతో ఒక బొమ్మ గీసి ఉంచుకోండి, పదేళ్ళ తర్వాత గునపం వేసేవాళ్ళకు అది ప్రాణాధారం.

తోటలోకి 12 వోల్టులు మంచివి. పారతో కేబుల్ తెగినా షాకు ప్రమాదం ఉండదు, కొద్ది లోతున పాతినా సరిపోతుంది. అయితే ఇక్కడ వేరే సమస్య ఎదురవుతుంది: వోల్టేజి దారిలోనే కరిగిపోవడం. లెక్క ఇది. దూరాన్ని రెండుతో గుణించి, ఆంపియర్లతో గుణించి, 0.0175తో గుణించి, రాగి తీగ అడ్డుకోత వైశాల్యాన్ని చదరపు మిల్లీమీటర్లలో తీసుకుని దానితో భాగించాలి. 60 వాట్ల లైట్లు 25 మీటర్ల దూరాన ఒక చెట్టు చుట్టూ ఉన్నాయనుకుందాం. 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు. 1.5 చ.మి.మీ. తీగలో 2.9 వోల్టులు పోతాయి, లైటు దగ్గర మిగిలేది 9.1. లైట్లు మిణుకుమంటాయి, లేదా అసలు వెలగవు. 2.5 చ.మి.మీ. వేస్తే నష్టం 1.75, నాలుగైతే 1.1, ఆరైతే 0.73. అదే పనికి 24 వోల్టుల లైట్లు తీసుకుంటే కరెంటు సగమవుతుంది, 2.5 చ.మి.మీ. తీగలో పోయేది 0.9 వోల్టే, అదీ 24లో. దూరం 15 మీటర్లు దాటితే 24 వోల్టులే తెలివైన ఎంపిక.

లైట్లు దారి పొడవునా పరుచుకుని ఉంటే ఇంకో ఉపాయం ఉంది. కేబుల్‌ని ఒక కొస నుంచి కాకుండా వరస మధ్యలో కలపండి. రెండు పక్కలా దూరం సగం, కరెంటు సగం, కాబట్టి కొసన నష్టం నాలుగో వంతే. కొసన లైటు దగ్గర మల్టీమీటరుతో, అన్నీ వెలుగుతుండగా కొలిచి చూడాలి. లైట్లు ఆర్పి కొలిస్తే ఎప్పుడూ 12 వోల్టులే చూపిస్తుంది.

మెయిన్సును 12 లేదా 24 వోల్టులకు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌ని దాని సామర్థ్యంలో 80 శాతానికి మించి వాడకూడదు. 60 వాట్ల లైట్లకు 75 వాట్లది కనీసం. హాలోజన్ల కాలపు ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ మీద 20–60 వాట్లు అని ఉంటే, ఆ 20 అనేది కనీస భారం. దానికి 5 వాట్ల ఎల్‌ఈడీ తగిలిస్తే మినుకుమినుకుమంటుంది, కొన్నిసార్లు వెలగదు. పాత లైట్ల చోట ఎల్‌ఈడీ పెట్టినప్పుడు తలెత్తే ఫిర్యాదుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. లోపం లైటులో ఉండదు.

జాయింట్ల దగ్గర టేపు చుట్టి మట్టి కప్పొద్దు. టేపు జిగురు తడికి వదిలేస్తుంది, రాగి పచ్చబారుతుంది, అతుకు నిరోధం పెరిగి వేడెక్కుతుంది. 12 వోల్టులు షాకు కొట్టకపోవచ్చు, 5 ఆంపియర్లు వదులు అతుకులో నిప్పు పుట్టించగలవు. జెల్ నింపిన కనెక్టర్లు వాడండి, లేదా జాయింటును నేల మీద ఎత్తున పెట్టెలో ఉంచండి.

సెన్సర్లు ఎందుకు విసిగిస్తాయి

రాత్రంతా వెలిగే లైటు కంటే మనిషి కదిలితే వెలిగే లైటు కాపలాకు మెరుగు. మార్పే చూపును లాగుతుంది. ఇళ్ళకు ఎక్కువగా వాడేది పీఐఆర్ సెన్సర్. ఒంటి నుంచి వచ్చే వేడి కిరణాలు దాని ముందున్న గీతల్లాంటి క్షేత్రాలను దాటినప్పుడు అది గుర్తిస్తుంది. అందుకే అడ్డంగా నడిచేవాణ్ణి వెంటనే పడుతుంది, నేరుగా తనవైపు వచ్చేవాణ్ణి ఆలస్యంగా పడుతుంది. గేటుకు ఎదురుగా కాకుండా, వచ్చే దారికి పక్కగా, 2 నుంచి 2.5 మీటర్ల ఎత్తున బిగించాలి. పరిసరాల వేడి ఒంటి వేడికి దగ్గరైతే తేడా తెలియక దాని చూపు మందగిస్తుంది. వేసవి సాయంత్రం పనిచేయని సెన్సర్ తెల్లవారుజామున చక్కగా పనిచేస్తే అనుమానించక్కర్లేదు. ఏసీ బయటి యూనిట్టు వదిలే వేడిగాలి, ఎండకు కాగిన కొమ్మ గాలికి ఊగడం, అప్పుడే ఆపిన కారు బానెట్టు లాంటివి ఊరికే వెలిగిస్తుంటాయి. మైక్రోవేవ్ రకం సెన్సర్లు గాజు గుండా, పలుచటి గోడ గుండా కూడా కదలికను పడతాయి కాబట్టి లోపల ఎవరు తిరిగినా బయట లైటు వెలుగుతుంది.

రెండు లోపాలు లైటువేమో అనిపిస్తాయి కానీ సెన్సర్‌వి. ఆరిపోయాక కూడా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతుంటే, అది న్యూట్రల్ వైరు లేని రెండు తీగల సెన్సర్ అయ్యుంటుంది. తాను బతకడానికి లైటు గుండానే కాస్త కరెంటు పోనిస్తుంది. న్యూట్రల్ ఉన్న మూడు తీగల రకం పెడితే పోతుంది. ఎప్పటికీ ఆరకుండా వెలుగుతూనే ఉంటే లోపల స్విచ్చులా పనిచేసే రిలే అతుక్కుపోయి ఉంటుంది. ఎల్‌ఈడీకి తగిన కరెంటు అందించే డ్రైవర్లు వెలిగిన మొదటి క్షణంలో మామూలుకంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతాయి. 1,000 వాట్ల ఫిలమెంటు బల్బులను మోసే సెన్సర్ ఎల్‌ఈడీలకు 200 వాట్లే మోయొచ్చు. ఆ రెండో అంకె వెతికి చూడాలి.

చీకటి పడితే వెలిగే ఫొటోసెల్ తన లైటునే చూసేలా పెడితే వెలిగి, తెల్లారిందనుకుని ఆరి, మళ్ళీ వెలుగుతుంది. దాన్ని లైటు వెలుగు తగలని చోటుకు తిప్పాలి. సూర్యోదయ సూర్యాస్తమయాలను ఊరి అక్షాంశ రేఖాంశాల నుంచి లెక్కకట్టే టైమర్లకు ఈ బెడద ఉండదు.

సోలార్ లైట్ల లెక్క

డబ్బా మీద 100 వాట్లు, 200 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉన్న సోలార్ లైటును తిప్పి ఎండను పట్టే పలక చూడండి. అరచేతిలో పట్టే పలక 2 వాట్లు ఇస్తుంది. మంచి ఎండ నాలుగైదు గంటల లెక్కన రోజుకు 8 నుంచి 10 వాట్-అవర్లు. దుమ్ము, కోణం, బ్యాటరీ నష్టాలు తీసేస్తే చేతికొచ్చేది 5 లేదా 6. దాన్ని 12 గంటల రాత్రికి పంచితే అర వాటుకు మించదు, అంటే దాదాపు 50 ల్యూమెన్లు. దారి గుర్తుకు ఇది సరిపోతుంది, వాకిలికి చాలదు. మిగతా రాత్రంతా మసగ్గా ఉండి మనిషి వస్తే పెద్దగా వెలిగే రకమైతే అదే శక్తి బాగా ఉపయోగపడుతుంది. పలక లైటు నుంచి విడిగా తీగతో వచ్చేది కొనండి. లైటు చూరు కిందా, పలక ఎండలోనూ ఉండొచ్చు. వీధిలైటు వెలుగు పలక మీద పడుతుంటే రాత్రి అయిందని దానికి తెలియదు, వెలగదు. బ్యాటరీ మార్చుకునే వీలుండి, లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకమైతే ఎక్కువ కాలం నడుస్తుంది. పలకను నెలకోసారి తడిగుడ్డతో తుడవాలి.

కొనేముందు, బిగించేముందు

50,000 గంటలు అని రాసిన ఆయుష్షు ఎల్‌ఈడీ చిప్పుది. ఎల్70 అని పక్కన ఉంటే, అన్ని గంటలకు వెలుగు మొదట్లో ఉన్నదానిలో 70 శాతానికి పడుతుందని అర్థం. రాత్రికి 11 గంటల చొప్పున పన్నెండేళ్ళు. కానీ ముందుగా పోయేది డ్రైవర్, అందులోనూ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో వాడుక లెక్క. సాయంత్రం దాకా పడమటి ఎండ తగిలే గోడ మీద, నల్ల రంగు ఫిట్టింగులో, మూసేసిన గిన్నెలాంటి అద్దం లోపల మామూలు బల్బు పెడితే ఏడాది తిరక్కుండానే పోవడంలో వింత లేదు. చుట్టూ ఎంత వేడి వరకు వాడొచ్చో చెప్పే టీఏ అనే అంకె ఫిట్టింగు మీద ఎన్ని డిగ్రీలుందో చూడండి. ఏమీ రాయకపోతే 25 డిగ్రీలకే చేసిందని లెక్క. పిడుగులు, వోల్టేజి ఎగుళ్ళు ఎక్కువుండే చోట 4 కిలోవోల్టులు లేదా అంతకు మించి సర్జ్ తట్టుకునేది తీసుకోవాలి.

శాశ్వతంగా గోడ తొలిచే ముందు లైటును ఒక కర్రకు కట్టి, ఆరుబయట వాడే ఎక్స్‌టెన్షన్ మీద, వాన లేని రాత్రి ఆ చోట పట్టుకుని చూడండి. ఒకరు లైటు పట్టుకుంటే ఇంకొకరు గేటు నుంచి తలుపుదాకా నడవాలి, తర్వాత వీధిలోంచి, పక్కింటి కిటికీవైపు నుంచి చూడాలి. కెమెరా ఉంటే దాని బొమ్మ కూడా అప్పుడే చూసుకోవాలి. లైటు కెమెరా చూపులో పడితే బొమ్మ తెల్లగా కడిగేసినట్టు వస్తుంది. కెమెరా వెనకనుంచో పైనుంచో అదే దిశలో వెలుగు పడాలి. కెమెరాను ఆనుకుని లైటు పెట్టినా పురుగులు, సాలెగూళ్ళు అద్దం ముందు చేరి రాత్రంతా ఊరికే అలారాలు వస్తాయి. అర మీటరైనా ఎడం ఉంచాలి.

బిగించాక డ్రైవర్ మీదున్న వోల్టులు, మిల్లీ ఆంపియర్లు ఫొటో తీసి పెట్టుకోండి. అది పాడైననాడు నిచ్చెనెక్కి చూసేసరికి ఆ చీటీ ఎండకు తెల్లబారి ఉంటుంది. మిల్లీ ఆంపియర్లు తప్పుగా ఉన్న డ్రైవర్ పెడితే బాగున్న ఎల్‌ఈడీ కూడా కాలిపోతుంది.